కప్ప ఊపిరి

షేక్ మీరావలికి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడితే చెవులు ఎర్రబడతాయి, మాట తడబడుతుంది, ఎదుటివాళ్ళు అడక్కముందే తనే ఒప్పేసుకుంటాడు. పెళ్ళైన కొత్తలో భార్య జైనాబీకి చెప్పకుండా సినిమాకి పోయి, తిరిగొచ్చి గడప దాటకముందే జేబులోంచి టికెట్టు ముక్క తీసి ఆమె చేతిలో పెట్టిన రకం. అలాంటి మనిషి నూట పదమూడు రోజులపాటు, రోజూ మధ్యాహ్నం మూడింటికి, ఫోన్లో ఒకే అబద్ధం ఆడాడు. ఒక్కనాడూ తడబడలేదు. కూతురి కోసం కదా! బిడ్డ కోసమైతే మనిషి దేనికైనా తెగిస్తాడు. తెగించాక అది మంచిదేనా అని ఆగి చూసుకునే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు.

మీరావలిది పల్నాడులో చిన్న ఊరు. ఐదు తరాలుగా వాళ్ళింట్లో సన్నాయే బతుకు. ముసల్మాను అయితేనేం, ఆ ఊరి వేణుగోపాలస్వామికి తెల్లారాలంటే మీరావలి సన్నాయి మోగాల్సిందే. ఆయనకి ఒక్కతే కూతురు, సైదాబీ. పుట్టిన మూడోనాడే "నా పిల్ల ఏడుపు పైషడ్జంలో ఉందే!" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆరో తరం తయారైందని అనుకున్నాడు పాపం.

పదకొండో ఏట ఆ పిల్ల పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చోవటం మొదలుపెట్టింది. ఆయాసమన్నారు, ఉబ్బసమన్నారు, గాలి సోకిందన్నారు. చివరికి గుంటూరులో ఒక పెద్ద డాక్టరు తేల్చాడు. ఒంట్లో కండ కరిగిపోయే జబ్బు. అందులోనూ పాపిష్టి రకం. కాళ్ళనీ చేతుల్నీ అలాగే ఉంచి, ముందు డయాఫ్రాన్ని పట్టుకుంది. రొమ్ముకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే కండ అది. అది కిందికి దిగితేనే గాలి లోపలికి వస్తుంది. సైదాబీకి అది దిగటం మానేస్తోంది. పద్నాలుగో ఏటికి పడుకునేటప్పుడు మొహానికి మాస్కూ పక్కన గాలి మెషీనూ వచ్చాయి. పదహారు వచ్చేసరికి పగలు కూడా మాస్కు లేందే గడవని స్థితి.

అయినా ఆ పిల్ల నోరు మూతపడిందా అంటే, అబ్బే! మాస్కు ఎత్తి నాలుగు మాటలు, దించి రెండు గుక్కల గాలి, మళ్ళీ ఎత్తి నాలుగు మాటలు. ఆ నాలుగేసి మాటలతోనే ఇంటి పైకప్పు లేపేసేది. డోలు వాయించే రోశయ్య అంటే మరీ అలుసు.

"రోశయ్య మామ వస్తున్నాడంటే... ముందు పొట్ట వస్తది..." మాస్కు, రెండు గుక్కలు. "ఆ వెనకాల డోలు వస్తది..." మాస్కు. "పొద్దుగూకేటప్పటికి మామ వస్తాడు."

రోశయ్య తనే ముందు పగలబడి నవ్వేవాడు. "నీ నోరు పడ, దీనికి ఊపిరి పూర్తిగా ఉండుంటే ఊరు ఖాళీ చేసేవాళ్ళం" అనేవాడు. జైనాబీ పైకి "చాల్లేవే, వాగుడుకాయా" అని కసిరేది గానీ, పిల్ల ఒక గంట ఊరుకుంటే చేస్తున్న పని వదిలేసి వచ్చి నుదురు తాకి చూసేది.

డాక్టర్ మృణాళిని సంగతి గుంటూరు డాక్టరే చెప్పాడు. హైదరాబాదు శివార్లలో ఆమెకి ఒక ప్రయోగశాల ఉందనీ, ఊపిరి కండలు పోయినవాళ్ళకి కొత్త వైద్యం కనిపెట్టిందనీ, పందుల్లో పని చేసిందనీ, ఇక మనుషుల్లో మొదటివాళ్ళ కోసం చూస్తోందనీ.

ఆమె గదిలో బల్ల మీద ఒక గాజుతొట్టి, అందులో ఒక కప్ప. సైదాబీ కుర్చీలో కూర్చోకముందే దాని దగ్గరికి పోయింది.

"దాని గొంతు చూడు" అంది డాక్టరు.

కప్ప ఎక్కడా కదలటం లేదు. గొంతు కింది తోలు మాత్రం టపటపా కొట్టుకుంటోంది.

"దానికి డయాఫ్రం లేదు. పక్కటెముకలు ఉన్నా లేనట్టే. గొంతు దించి ముక్కులోంచి గాలి లాక్కుంటుంది. ముక్కు మూసి, గొంతు పైకెత్తి, ఆ గాలిని ఊపిరితిత్తుల్లోకి నెట్టేస్తుంది. గాలిని మింగటమే అనుకో."

"గాలి మింగుద్దా!" సైదాబీ మాస్కు ఎత్తింది. "మరి పురుగుల్ని ఎప్పుడు మింగుద్ది?"

"సందు చూసుకుని" అంది డాక్టరు నవ్వుతూ. "నీళ్ళలోంచి గట్టెక్కిన మన పాతవాళ్ళందరూ ఇలాగే పీల్చారమ్మా. గొంతు తిత్తి ఎంత పెద్దదైతే అంత గాలి. అందుకే వాటికి తలలు వెడల్పు, మెడ లేదు. తర్వాత పక్కటెముకలు ఊపిరి పని మీదేసుకున్నాయి. ఆ తర్వాత మనలాంటి వాటికి డయాఫ్రం వచ్చింది. గొంతుకి ఆ చాకిరీ తప్పింది. తల సన్నబడింది, మెడ సాగింది, నాలుకకి తీరిక చిక్కింది. ఆ తీరికలోనే మాట వచ్చిందని నేననుకుంటాను."

పాత పద్ధతి మన గొంతు కండల్లోంచి చెరిగిపోలేదనీ, నిద్రపోతోందనీ, దాన్ని లేపే మందే తను కనిపెట్టిందనీ చెప్పింది. ఒక సూది గొంతుకి. అది పడితే కొన్నాళ్ళకి ఊపిరి బాధ్యత గొంతు తీసుకుంటుంది, మెషీన్ అవసరం ఉండదు. రెండో సూది డయాఫ్రానికి. అది కొత్త కండ మొలిపిస్తుంది, కానీ ఆర్నెల్లు పడుతుంది. అది గట్టిపడ్డాక గొంతు మందుకి విరుగుడు ఇస్తారు. గొంతు తన పాత పనికి తను పోతుంది, ఊపిరి కిందికి దిగుతుంది. "ఈ సూదులు జన్మకి ఒక్కసారే. రెండోసారి ఇస్తే ఒళ్ళు ఒప్పుకోదు, తిరగబడుతుంది" అని కూడా చెప్పింది.

"ఆర్నెల్లు గొంతు ఊపిరి పనిలో ఉంటే మరి మాటో?" అన్నాడు మీరావలి.

"రాదు. మాటకి కింద నుంచి గాలి తన్నుకు రావాలి. ఆర్నెల్లూ మౌనమే."

"అల్లా మా మొర ఆలకించాడు" అంది జైనాబీ. సైదాబీ తల్లి భుజం మీద ఒక్కటిచ్చింది. అందరూ నవ్వారు. ఆ గదిలో వాళ్ళు అంతలా నవ్వటం అదే ఆఖరుసారి.

అప్పుడు డాక్టరు సొరుగులోంచి మెత్తటి పట్టీ ఒకటి తీసింది. "ఇదే అసలు వైద్యం. సూదులు కావు. రోజుకి నాలుగు గంటలు దీన్ని గొంతుకి కట్టాలి. గొంతుని కదలనివ్వదు. ఆ నాలుగు గంటలూ మాస్కు కొంత గాలి ఇస్తుంది, మిగతాది కింది కండే కష్టపడి లాక్కోవాలి. మీరావలి గారూ, ఒంటికి మంచీచెడ్డా తెలియవు. ఏ కండ పని చేస్తే దాన్ని మేపుతుంది, ఊరికే కూర్చున్నదాన్ని ఎండగడుతుంది. ఎముక కూడా కండ ఎటు లాగితే అటే సాగుతుంది. పట్టీ మానేశారా, గొంతు ఇక ఊపిరిని తిరిగి ఇవ్వదు."

"మానమండీ" అన్నాడు మీరావలి. ఆ రోజుకి అది నిజమే.

సూదులు పడ్డ పంతొమ్మిదో రోజు పొద్దున, తొమ్మిదిన్నరకి, మాస్కు తీశారు. సైదాబీ మంచం అంచు పట్టుకుని కూర్చుంది. గడ్డం కింద తోలు ఒకసారి దిగింది, లేచింది. మళ్ళీ దిగింది, లేచింది. పది నిమిషాలు. అరగంట. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు తొంభై ఆరు దగ్గర నిలబడింది. పిల్ల లేచి కిటికీ దాకా నడిచి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తింది. ఆస్పత్రి ఆయమ్మలు కూడా చప్పట్లు కొట్టారు. చాన్నాళ్ళ తర్వాత మీరావలి కూతురి మొహం మొత్తంగా చూశాడు. మాస్కు తాళ్ళ చారలు రెండు బుగ్గల మీదా ఉన్నాయి.

మొదటి మూడు నెలలూ పట్టీ జైనాబీ కట్టింది. పదకొండింటికి కట్టేది, మూడింటికి విప్పేది. పిల్ల మూతి ముడిచినా, కాళ్ళు తన్నినా ఆమె కరగలేదు. మూడింటికి ల్యాబు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి "కట్టారాండీ?" అని అడిగేది. "కట్టామమ్మా" అని చెప్పి పెట్టేసేది జైనాబీ. సైదాబీ ఈలోపు ఫోన్లో టైపు చేయటం నేర్చి, దాంతోనే వాగుడంతా తీర్చుకునేది. రోశయ్య డోలు వాయిస్తుంటే "మామా, డోలుకి నొప్పి పుడుతోందంట" అని రాసి చూపించేది.

మూడో నెల పరీక్షలో డాక్టర్ మృణాళిని మొహం వెలిగిపోయింది. కింద కొత్త కండ పుట్టింది. ఇంక మాస్కు ఇచ్చే గాలి సగానికి తగ్గించింది. "ఇప్పట్నుంచి పిల్లకి కష్టంగా ఉంటుంది. ఎంత కష్టంగా ఉంటే అంత బాగవుతున్నట్టు లెక్క" అని పంపింది.

సరిగ్గా అప్పుడే జైనాబీ నరసరావుపేటలో పరుపులు కుట్టే పనికి తిరిగి వెళ్ళటం మొదలెట్టింది. సెలవు లేని పని, పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం ఆరు. పట్టీ మీరావలి చేతికొచ్చింది.

మొదటిరోజు పావుగంట ఓర్చుకున్నాడు. పట్టీ కింద పిల్ల గొంతు కొట్టుకోవాలని చూస్తోంది, కొట్టుకోలేకపోతోంది. కళ్ళు పెద్దవయ్యాయి. నీళ్ళలో మునుగుతున్నవాళ్ళు గట్టు మీదివాళ్ళని చూసినట్టు తండ్రి వంక చూసింది. మీటరు తొంభై, ఎనభై ఎనిమిది, ఎనభై ఐదు. పిల్ల వేళ్ళు అతని చొక్కా పట్టుకున్నాయి. డాక్టరు ఎనభై నాలుగు దాకా ఫరవాలేదని చెప్పిందని అతనికి తెలుసు. తెలిస్తే మాత్రం? ఆ చూపు చూసి ఏ తండ్రి కూర్చుంటాడు! పరపరా పట్టీ లాగి పారేశాడు. పిల్ల గొంతు టపటపా కొట్టుకుంది, మీటరు పైకి పాకింది.

"ఈ పూటకి వద్దులే తల్లీ" అన్నాడు.

మూడింటికి ఫోనొచ్చింది. "కట్టారాండీ?"

"కట్టామమ్మా."

ఇక్కడిదాకా ఏ తండ్రైనా చేసే పనే. తర్వాత చేసింది మాత్రం సన్నాయి పుట్టిన ఇంట్లోవాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చేయరు.

సన్నాయికి ఊపిరి తెగకూడదు. బుగ్గల్లోనూ గొంతులోనూ గాలి దాచుకుని, దాన్ని బయటికి నొక్కుతూ ఉండగానే ముక్కుతో కొత్త గాలి దొంగిలించాలి. వాళ్ళింట్లో దాన్ని బుగ్గ ఊపిరి అంటారు. మీరావలికి ఏడో ఏట తండ్రి బొప్పాయి ఆకు కాడ కోసిచ్చాడు. లోపల బోలుగా ఉంటుంది కదా, దాన్ని చెంబులో నీళ్ళలో ముంచి ఊదాలి. బుడగలు తెగకూడదు. తెగితే వీపు పగిలేది. రెండేళ్ళు చెంబే గాని సన్నాయి ముట్టనివ్వలేదు. ఊపిరి సాధన వల్ల ఒంటికి మేలే తప్ప కీడు జరగదని ఆ ఇంట్లో పసిపిల్ల కూడా నమ్ముతుంది. కూతురి గొంతు ఆడటం చూసిన మొదటిరోజే మీరావలికి అనిపించింది, ఇది మన విద్యే కదా, డాక్టరమ్మ సూదితో ఇచ్చింది, అంతే తేడా అని. ఆ గొంతుకి ఇంకొంచెం బలం వస్తే పిల్ల ఇక ఎన్నడూ ఆ మునిగిపోయే చూపు చూడక్కర్లేదని అనుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి పట్టీ బయటికే తీయలేదు. దొడ్లోకెళ్ళి బొప్పాయి కాడ కోసుకొచ్చి, "పట్టీ బదులు ఇదే చేద్దాం, అమ్మకి చెప్పకు" అన్నాడు కూతురితో.

సైదాబీకి మూడు రోజుల్లో పట్టుబడింది. అతనికి రెండేళ్ళు పట్టిన విద్య! చెంబులో బుడగలు గంటసేపు తెగలేదు. మీటరు తొంభై ఎనిమిది. "చూశావా!" అని తండ్రి, "చూశాలే" అని కూతురి కళ్ళూ. మూడింటికి ఫోను. "కట్టామమ్మా." చెవులు ఎర్రబడలేదు.

ఐదో నెలలో ఒకనాడు పిల్లే గోడకున్న సన్నాయి దించింది. వేళ్ళ పట్టు చిన్నప్పుడు సరదాకి నేర్పిందే. నోట పెట్టుకుని ఊదింది. గొంతు ఒక గుక్క గాలి ఊపిరితిత్తుల్లోకి నెడుతూ, ఇంకో గుక్క సన్నాయిలోకి పంపుతోంది. మలయమారుత రాగం ఎత్తుకుంది. స్వరం వంకరపోయింది, సరిదిద్దుకుంది, కానీ గాలి తెగలేదు. పది నిమిషాలు, పావుగంట, ఇరవై రెండు నిమిషాలు. మీరావలి తాత కూడా పన్నెండు దాటలేదని చెప్పుకునేవాళ్ళు. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. డోలు మీద చేతులు ఆడించలేక రోశయ్య చెమటలు తుడుచుకుంటుంటే, సైదాబీ ఒక చేత్తో వాయిస్తూనే రెండో చేత్తో ఫోను తీసి, "ముందే చెప్తున్నా, పొద్దుగూకేదాకా ఆపను" అని టైపు చేసి చూపించింది.

వేణుగోపాలస్వామి గుళ్ళో సుప్రభాతానికి వాయించింది. ఊరు ఊరంతా వచ్చింది. మీరావలి పక్కన శృతిపెట్టె పట్టుకుని కూర్చున్నాడు. ఆరో తరం! అతని ఆనందం అంతా ఇంతా కాదు. ఆ ఆనందంలో కళ్ళు కనపడలేదు.

కనపడింది జైనాబీకి. పిల్ల మెడలో దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు ఉండేది. దారం బిగుతైందని ఒకసారి మార్చింది. రెండు నెలలకి మళ్ళీ మార్చాల్సొచ్చింది.

"ఏమయ్యా, పిల్ల మెడ లావవుతోంది. దవడలు చూడు, పక్కలకి సాగుతున్నాయి."

"కండ పడుతోందే. మంచిదే కదా."

"పట్టీ రోజూ కడుతున్నావు కదా?"

"కడుతున్నా" అన్నాడు. ఆమె కళ్ళలోకి చూసే అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె అతన్ని నమ్మకూడని మొదటి రోజు అదే. ఆ రోజూ నమ్మింది.

ఏడో నెల వచ్చింది. విరుగుడు సూది వేయించుకోవటానికి హైదరాబాదు బయల్దేరుతూ సైదాబీ కొత్త లంగావోణీ కట్టుకుంది. "తిరిగొచ్చేటప్పుడు బస్సులో కండక్టరుతో నేనే మాట్లాడతా, మీరెవరూ నోరెత్తకండి" అని రాసి ఇద్దరికీ చూపించింది.

పరీక్షలయ్యాక పిల్లని పక్కగదిలో కూర్చోబెట్టి, డాక్టరు తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచింది. తెర మీద రెండు బొమ్మలు పెట్టింది.

"ఇది మూడో నెలది" అంది. "ఇదిగో, ఈ తెల్లటి గీత. పుట్టింది. మీ అమ్మాయికి కొత్త డయాఫ్రం పుట్టిందండీ. ప్రపంచంలో మొదటిసారి." వేలు రెండో బొమ్మ మీదికి జరిగింది. "ఇది ఇవాళ్టిది."

రెండో బొమ్మలో గీత లేదు. ఏదో పొర, ఉల్లిపొరంత.

"ఎండిపోయింది. నరం కూడా వదిలేసింది. గొంతు చూస్తే... ఈ కండ నేను ఏ పందిలోనూ చూడలేదు. గొంతెముక రెండింతలైంది. దవడ దాని వెంబడే వెడల్పైంది. విరుగుడు ఇస్తే గొంతు ఆగిపోతుంది, కింద అందుకునేవాళ్ళు లేరు. ఇవ్వలేను."

"మరి మళ్ళీ మొదట్నుంచీ..." అంది జైనాబీ.

"సూది ఒక్కసారేనమ్మా. మొదటే చెప్పాను." డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "తప్పు నా మందుదే. పట్టీ కట్టినా ఇలా అయిందంటే గొంతు నా లెక్కకి అందలేదని అర్థం. ఇంకా పదకొండు మంది పిల్లలు వరసలో ఉన్నారు. వచ్చే సోమవారం ఆరేళ్ళ పాప ఉంది, బయట వసారాలో చూసే ఉంటారు. వాళ్ళందరికీ ఇవాళే వద్దని చెప్పేస్తున్నాను."

మీరావలి లోపలికి వస్తూ ఆ పాపని చూశాడు. మొహానికి మించిన మాస్కు పెట్టుకుని, బొమ్మకి కూడా ఒక కాగితపు మాస్కు కట్టి ఆడుకుంటోంది. నోరు మూసుకుని ఊరుకుంటే ఏ పాపమూ అతని నెత్తిన పడదు. డాక్టరే మోస్తానంటోంది. భార్య దగ్గరా కూతురి దగ్గరా జన్మంతా మంచివాడిగానే ఉండిపోవచ్చు. ఒక్క క్షణం, అల్లా సాక్షిగా, అతనికి ఆ ఆశ పుట్టింది.

"మందుది కాదమ్మా తప్పు" అన్నాడు. "నాది. నేను పట్టీ కట్టలేదు."

డాక్టరు అడిగింది. "ఎన్ని రోజులు?"

"ఈమె పనిలోకి పోయిన కాడ్నించి. నూట పదమూడు రోజులు. కట్టలేదు సరే, ఆ నాలుగు గంటలూ గొంతుకే సాధన చేయించాను. బొప్పాయి కాడతో. పిల్లకి బలం వస్తుందనుకున్నాను. మా ఇంట్లో అందరం అలాగే..."

డాక్టర్ మృణాళిని రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "సన్నాయి వాయించే ఇంటికి గొంతు ఊపిరి ఇస్తున్నానని నాకు తట్టనే లేదు" అంది చేతుల్లోంచే. "చేర్చుకునేటప్పుడు నింపించిన కాగితంలో మీరు చేసే పనేంటని అడిగాను. మీరు రాశారు. నేను చదివాను కూడా."

జైనాబీ అరవలేదు. అరిచినా బాగుండేది. మెల్లిగా లేచి గోడ పట్టుకుని నిలబడింది.

"నేనుంటే కట్టేదాన్ని" అంది. "ఏడ్చినా కట్టేదాన్ని. నన్ను తిట్టుకున్నా, కొట్టినా కట్టేదాన్ని. నువ్వు దాని ఏడుపు చూడలేక దాని నోరు తీసేశావు కదయ్యా."

పదకొండు మంది పిల్లలకీ ఆ రోజు ఫోన్లు పోలేదు. సోమవారం ఆరేళ్ళ పాపకి సూది పడింది. కాగితంలో కొత్త వాక్యం ఒకటి చేరింది, గాలి ఊదే వాద్యాలు వాయించేవాళ్ళ ఇళ్ళ గురించి. మీరావలి వల్ల లోకానికి దక్కిన మేలు అదే.

బస్సులో సైదాబీ ఇద్దరి మధ్యా కూర్చుని ఫోను చూపిస్తూనే ఉంది. "సూది వేయలేదేం?" "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" "అమ్మా, నువ్వెందుకు కిటికీలోకే చూస్తున్నావు?" జైనాబీ ఇటు తిరక్కుండానే "ఇంటికెళ్ళాక మీ నాయన చెప్తాడు" అంది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ పిల్ల రెండుసార్లు తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసి, చివరికి తనే ఊరి పేరు ఫోన్లో కొట్టి అతనికి చూపించింది.

మర్నాడు పొద్దున మీరావలి గుడికి పోలేదు. జైనాబీ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరేసుకుంది. సైదాబీ వసారాలో చాప మీద కూర్చుని తండ్రి నోటి వంకే చూస్తోంది. అతను ఎదురుగా కూర్చుని, తల వంచుకుని, మొత్తం చెప్పాడు. కొత్త కండ పుట్టిందని చెప్పాడు. అది ఎండిపోయిందని చెప్పాడు. ఎందుకు ఎండిందో, ఎవరి వల్ల ఎండిందో, ఫోన్లో రోజూ ఏమని చెప్పాడో, ఒక్కటీ దాచలేదు. నువ్వు చాలా ఏళ్ళు బతుకుతావు, మెషీన్ లేకుండానే బతుకుతావు, కానీ మాట మాత్రం ఇక రాదు తల్లీ అన్నాడు.

పిల్ల ఫోను చేతిలోకి తీసుకుంది. ఏదో కొట్టింది. చెరిపేసింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ చెరిపింది. ఫోను చాప మీద బోర్లా పెట్టేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. వెడల్పైన ఆ మొహం మీదుగా, దవడల మీదుగా, గొంతు మీదికి కారాయి.

అంతే. వెక్కు రాలేదు, ఎక్కిళ్ళు రాలేదు, భుజాలు అదరలేదు. మనిషి వెక్కి వెక్కి ఏడవాలంటే కింద డయాఫ్రమే ఎగిరెగిరి పడాలి. అది ఆ పిల్లకి లేదు. గొంతు మాత్రం దిగుతోంది, లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది. నిన్నటిలాగే, గుళ్ళో రాగం వాయించిన రోజులాగే, ఒక్క రవ్వ తేడా లేకుండా. గుండె పగిలిన సంగతి ఆ గొంతుకి తెలియనే తెలియదు.

మీరావలి అది చూశాడు. మాట పోగొట్టానని చెప్పటానికి కూర్చున్నవాడికి, ఏడుపు కూడా పోగొట్టానని అప్పుడు తెలిసింది. అతనిలోంచి ఒక పొలికేక వచ్చింది. అలా ఏడవటం జైనాబీ ఎన్నడూ వినలేదు. తలుపు తీసుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను వంగిపోయి, చాప పిడికిళ్ళతో పట్టుకుని, పొట్ట లోపలికీ బయటికీ కొట్టుకుంటుంటే వెక్కుతున్నాడు.

సైదాబీ మోకాళ్ళ మీద జరిగి తండ్రి దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి అతని రొమ్ము కింద, ఆ కండ ఎగిరెగిరి పడేచోట, అరచెయ్యి ఆనించింది. ప్రతి వెక్కుకీ ఆ చెయ్యి పైకి లేచింది. పిల్ల కళ్ళు మూసుకుంది.

అతను సిగ్గుపడ్డాడు. ఏడవాల్సింది తను కాదు కదా అనుకుని, పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి ఆపబోయాడు. ఆమె అరచేతి కింద పొట్ట కదలటం ఆగింది. సైదాబీ కళ్ళు తెరిచి, వద్దని తల అడ్డంగా ఊపింది. చెయ్యి ఇంకాస్త గట్టిగా అదిమింది.

మీరావలి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇద్దరి ఏడుపూ అతనే ఏడ్చాడు.